అమ్మకు రెండేళ్లు కావాలి

మత్తులో చిక్కిన తల్లి తేరుకోవాలంటే మందూ మంచమూ ప్రార్థనా మాత్రమే సరిపోవు. కాలం కావాలి. ఆ కాలాన్ని కొనడానికి దాతల గుమ్మాలెక్కుతున్న క్రైస్తవ పరిచర్యల కథ ఇది.

అమెరికాలో టెనెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్. అక్కడ షార్లట్ అవెన్యూ మీద ఒక కెఫే ఉంది. లోపలికి వెళ్లి తలెత్తితే పైనుంచి టీ కప్పులు వేలాడుతుంటాయి. దీపాల గుత్తులే కప్పులు. ఒక కప్పుకూ ఇంకో కప్పుకూ పోలిక ఉండదు. అవి కొన్నవి కావు. 2013లో కెఫే తెరిచేటప్పుడు నిర్వాహకులు జనాన్ని అడిగి తెప్పించుకున్నవి. మీ ఇంట్లోంచి ఒక కప్పు పంపండి అన్నారు. పంపారు.

అడగడంలో లోతు తెలిసినవాళ్లే ఇలా అడగగలరు. ఇరవై డాలర్ల చెక్కు రాసిచ్చినావిడ నెల తిరిగేలోపు ఆ సంగతి మరిచిపోవచ్చు. బీరువాలో దాచుకున్న కప్పును కాగితాల్లో చుట్టి, పెట్టెలో పెట్టి, పోస్టాఫీసు దాకా మోసుకెళ్లినావిడ మరిచిపోదు. ఆ కప్పు ఎక్కడ వేలాడుతోందో చూడ్డానికి ఒకరోజు వస్తుంది. వస్తే అక్కడ టీ అందించే మనిషితో రెండు మాటలు మాట్లాడుతుంది. ఆ అందించే మనిషి ఒకప్పుడు రోడ్డు మీద బతికినావిడ. జైలుకెళ్లి వచ్చినావిడ. చాలాసార్లు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి.

కెఫేని నడిపే సంస్థ పేరు థిసిల్ ఫామ్స్. థిసిల్ అంటే రోడ్ల వెంట, పాడుపడ్డ స్థలాల్లో మొలిచే ఒక ముళ్ల మొక్క. మన చేలగట్ల మీది బ్రహ్మదండిని గుర్తు చేస్తుంది. థిసిల్‌ను ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు, అయినా ఊదారంగు పువ్వు పూస్తుంది. సంస్థకు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఐదుగురితో మొదలైన ఇల్లు

ఈ సంస్థను నెలకొల్పింది బెకా స్టీవెన్స్. 1991లో ఎపిస్కోపల్ చర్చిలో గురువుగా అభిషేకం పొంది, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలోని సెయింట్ అగస్టీన్ ప్రార్థనాలయంలో సేవ చేశారు. ఆమె తండ్రి కూడా గురువే. బెకాకు ఐదేళ్ల వయసులో, తాగి బండి నడుపుతున్న ఒక డ్రైవరు గుద్దడంతో ఆయన చనిపోయారు. తల్లి ఐదుగురు బిడ్డల్ని ఒంటి చేత్తో పెంచింది. తండ్రి పోయిన కొద్దికాలానికే చర్చి పెద్ద ఒకడు తనపై లైంగిక దౌర్జన్యం చేశాడని బెకా తర్వాతి కాలంలో దాచకుండా చెప్పారు, పుస్తకంలో రాశారు. మత్తు ఒక ఇంటికి ఏం చేస్తుందో, చర్చి గోడల మధ్య కూడా ఒక పసిపిల్లకు ఏం జరగగలదో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

1997లో ఆమె ఒక ఇల్లు తెరిచారు. వీధుల్లో ఒళ్లమ్ముకుంటూ, మత్తులో కూరుకుపోయి, జైలుకూ రోడ్డుకూ మధ్య తిరుగుతున్న ఐదుగురు స్త్రీలకు ఆశ్రయమిచ్చారు. దానికి మాగ్డలీన్ అని పేరు పెట్టారు. తెలుగు బైబిల్లో మనం మగ్దలేనే మరియ అనుకునే ఆమె పేరే. షరతులు విచిత్రంగా ఉండేవి. రెండేళ్లు ఉండొచ్చు. పైసా కట్టక్కర్లేదు. తిండి, వైద్యం, మానసిక చికిత్స, చదువు అన్నీ ఉచితం. ఇంట్లో కాపలా ఉద్యోగి ఉండరు, ఉన్నవాళ్లే ఇల్లు నడుపుకోవాలి. సెయింట్ బెనెడిక్ట్ సన్యాసులకు రాసిన నియమావళి స్ఫూర్తితో ఆ స్త్రీలు తమకు తాము 24 నియమాలు రాసుకున్నారు.

రెండేళ్లు అన్న మాట దగ్గరే దాతలు ఆగిపోయేవారు. అమెరికాలో మత్తు చికిత్స అనగానే జనానికి గుర్తొచ్చేది 28 రోజులు. నాలుగు వారాలు పెట్టి బాగు చేయొచ్చు కదా, 24 నెలలెందుకు? ఒకరికి పెట్టే ఖర్చుతో నలుగురిని చూడొచ్చు కదా? లెక్కలు తెలిసిన వ్యాపారి ఎవరైనా అడిగే ప్రశ్నే అది. ఈ రంగంలో నిధుల సేకరణకు నాయకత్వం వహించే మనిషి అసలు పని ఇక్కడే మొదలవుతుంది. డబ్బు అడిగేముందు కాలం గురించి చెప్పాలి.

రెండు గడియారాలు

మాగ్డలీన్ ఇల్లు తెరిచిన ఏడాదే, 1997 నవంబరు 19న, అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఒక చట్టం మీద సంతకం చేశారు. పిల్లలు ఏళ్ల తరబడి ఫోస్టర్ ఇళ్ల, అంటే ప్రభుత్వం అప్పగించే తాత్కాలిక పెంపుడు ఇళ్ల మధ్య బంతుల్లా తిరగకుండా, వారికి త్వరగా శాశ్వతమైన కుటుంబం దొరకాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అందులో ఒక లెక్క ఉంది. గడిచిన 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ఫోస్టర్ కుటుంబంలో ఉంటే, తల్లిదండ్రుల హక్కులను రద్దు చేయమని రాష్ట్రం కోర్టును కోరాలి. మినహాయింపులున్నాయి. కానీ సాధారణ నియమం అదే.

ఒక తల్లి సంగతి ఆలోచించండి. మత్తుమందుతో పట్టుబడింది. బిడ్డను తీసుకెళ్లిపోయారు. చికిత్స కోసం వరసలో నిలబడితే మంచం ఖాళీ అయ్యేసరికి నెలలు గడుస్తాయి. చేరాక ఒకసారి జారిపడి మళ్లీ మొదటికొచ్చింది. చేతులు వణకకుండా, తల నిలకడగా, ఒక ఉద్యోగం, ఒక అద్దె ఇల్లు చూపించగల స్థితికి వచ్చేసరికి 15 నెలలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. శరీరం తేరుకోవడానికి దాని గడియారం దానికుంది. కోర్టుకు దాని గడియారం దానికుంది. ఈ రెండు గడియారాల మధ్య నలిగేది తల్లీ బిడ్డా. తల్లుల కోసం పనిచేసే పరిచర్యలు దాతల దగ్గరికి వెళ్లి అడిగేది, ఏ పేరుతో అడిగినా, ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని పూడ్చమనే.

ఈ పని టెనెసీలో మరీ కష్టమైన రోజులున్నాయి. 2014లో ఆ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. గర్భిణిగా ఉన్నప్పుడు మత్తుమందు వాడి, దానివల్ల బిడ్డకు హాని జరిగితే తల్లిపై దాడి నేరం కింద కేసు పెట్టొచ్చు. అమెరికాలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. చికిత్సలో చేరి పూర్తి చేస్తే శిక్ష తప్పించుకునే వీలు కాగితం మీద ఉంది. కానీ గర్భిణులను చేర్చుకునే చికిత్సా కేంద్రాలే అరుదు. కేసు భయంతో కొందరు ఆస్పత్రి గడప తొక్కడమే మానేశారని వైద్యులు మొత్తుకున్నారు. 2016 జూలైతో గడువు తీరాక ఆ చట్టాన్ని పొడిగించలేదు. చట్టం పోయింది గానీ భయం అంత తొందరగా పోతుందా?

తెలుగువాళ్లకు మద్యంపై పోరాటం అనగానే 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది. అక్కడ తాగేది మగాడు, కుండలు పగలగొట్టేది ఆడది. తాగే తల్లి మన ఊహకు అందదు. ఊహకు అందని మనిషి కోసం చందా అడగడం ఎంత కష్టమో, అమెరికా దక్షిణాది చర్చిల్లోనూ అంతే కష్టం. తాగుబోతు కొడుకు కోసం కన్నీళ్లు పెట్టే సంఘం, మత్తులో బిడ్డను వదిలేసిన కోడలి పేరెత్తితే మొహం తిప్పుకుంటుంది. తప్పిపోయిన కుమారుడి ఉపమానం అందరికీ కంఠతా వచ్చు. తప్పిపోయిన తల్లి కోసం ఎదురెళ్లేవాళ్లు మాత్రం తక్కువ.

ప్రభుత్వం ఇవ్వదా?

ఇస్తుంది, కొంత. అమెరికాలో పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్. 16 మంచాలు దాటిన మానసిక, వ్యసన చికిత్సాలయాల్లో ఉండే పెద్దవాళ్లకు అది డబ్బు కట్టకూడదన్న నిబంధన మూలాలు 1965 నాటివి. ఇప్పుడు చాలా రాష్ట్రాలు ప్రత్యేక అనుమతులు తెచ్చుకున్నా ఆ నిబంధన నీడ పోలేదు. 2018లో వచ్చిన ఒక చట్టం మంచి మార్పే తెచ్చింది. తల్లి చికిత్స పొందుతున్న ఇంట్లోనే బిడ్డను ఉంచితే, ఆ బిడ్డ ఖర్చుకు ఫోస్టర్ నిధుల నుంచి 12 నెలల దాకా డబ్బు వాడొచ్చు. నల్లమందు జాతి నొప్పి మాత్రలను ఊరూరా పంచిన పాపానికి మూడు పెద్ద మందుల పంపిణీ కంపెనీలూ, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల దాకా కట్టేందుకు 2022లో ఒప్పందం ఖరారైంది. ఆ సొమ్ము ఏళ్ల తరబడి విడతలుగా రాష్ట్రాలకు, జిల్లాలకు చేరుతోంది.

అయినా ఒక గీత ఉంది. నేరుగా ఇచ్చే ప్రభుత్వ గ్రాంటును ఆరాధనకూ బైబిలు బోధనకూ వాడకూడదు. ఉదయం ప్రార్థనతో లేచి రాత్రి ప్రార్థనతో పడుకోవడమే తమ చికిత్సకు ప్రాణమని నమ్మే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. కొన్ని సంస్థలు చికిత్సనూ ఆరాధననూ వేరుచేసి గ్రాంటు తీసుకుంటాయి. కొన్ని ఆ డబ్బే వద్దనుకుని పూర్తిగా దాతల మీద ఆధారపడతాయి. ఆ నిర్ణయం తీసుకున్న రోజునుంచి నిధులు సేకరించే మనిషి భుజాల మీద బరువు రెట్టింపవుతుంది.

ఇక గ్రాంటుల పట్టికలో తేలిగ్గా చోటు దొరకని ఖర్చులుంటాయి. ఉదాహరణకు డైపర్లు. అమెరికాలో పేదల ఆహార సాయం కార్డుతో బిడ్డకు పాలపొడి కొనొచ్చు, డైపర్ కొనకూడదు. పసిబిడ్డకు నెలకు 80 నుంచి 100 డాలర్లు వాటికే పోతాయి. డైపర్లు తీసుకురానిదే బిడ్డను చేర్చుకోని డే కేర్‌లు చాలా ఉన్నాయి. బిడ్డను అక్కడ వదలలేని తల్లి ఉద్యోగానికి వెళ్లలేదు. ఉద్యోగం లేదంటే కోర్టు బిడ్డను తిరిగి ఇవ్వకపోవచ్చు. ఒక గుడ్డముక్కతో మొదలైన ముడి న్యాయమూర్తి బల్ల దాకా పోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు చర్చి మహిళా సమాజాల ముందు నిలబడినప్పుడు భవనాల గురించి మాట్లాడరు. డైపర్ల గురించి మాట్లాడతారు. బిడ్డల్ని పెంచిన ఏ ఆడమనిషికైనా అది వెంటనే అర్థమవుతుంది.

టిఫనీ దుకాణంలో వెండి పిన్ను

న్యూయార్క్‌కు ఉత్తరాన హడ్సన్ నది పక్కన గారిసన్ అనే ఊరుంది. అక్కడ 1967లో జాన్ బెంటన్, ఎల్సీ బెంటన్ దంపతులు మత్తుకు బానిసలైన యువతుల కోసం ఒక క్రైస్తవ గృహం తెరిచారు. అంతకుముందు వాళ్లు బ్రూక్లిన్‌లో డేవిడ్ విల్కర్సన్ ప్రారంభించిన టీన్ ఛాలెంజ్ పరిచర్యలో పనిచేసినవాళ్లు. ఆ గృహానికి వాల్టర్ హోవింగ్ పేరు పెట్టుకున్నారు. ఆయనెవరో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. వజ్రాలు, వెండి సామాన్లు అమ్మే టిఫనీ కంపెనీ చైర్మన్. న్యూయార్క్ సంపన్నులంతా గడప తొక్కే దుకాణం ఆయనది.

హోవింగ్ చెక్కు రాసిచ్చి ఊరుకోలేదు. దేవుణ్ని ఒకసారి నమ్మి చూడమని రెండే రెండు ఇంగ్లీషు మాటల్లో చెప్పే చిన్న వెండి పిన్నులు చేయించి టిఫనీలోనే అమ్మకానికి పెట్టించారు. వచ్చిన ఆదాయం గారిసన్ ఇంటికి. లక్షల డాలర్ల హారాల పక్కన, హెరాయిన్ సూదుల నుంచి బయటపడిన ఆడపిల్లల కోసం ఒక పిన్ను. కొన్నవాళ్లు దాన్ని కోటుకు పెట్టుకుని వెళ్తే, ఎదురుపడ్డవాళ్లు ఇదేమిటని అడుగుతారు. జవాబు చెప్పాల్సింది కొన్నవాళ్లే. అంటే దాత తనకు తెలియకుండానే ఆ ఇంటి ప్రతినిధి అయిపోతాడు. నాష్‌విల్ టీ కప్పులకూ ఈ పిన్నుకూ మధ్య నాలుగు దశాబ్దాల దూరమున్నా కిటుకు ఒక్కటే.

బెకా స్టీవెన్స్ ఆ కిటుకును ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. మాగ్డలీన్‌లో తేరుకున్న స్త్రీలకు పోలీసు రికార్డు అడ్డమై ఎవరూ పని ఇవ్వడం లేదు. సరే, మనమే పని పుట్టిద్దామని 2001లో కొవ్వొత్తులు, ఒంటికి రాసుకునే నూనెలు తయారు చేయడం మొదలుపెట్టారు. థిసిల్ ఫామ్స్ అన్న పేరు అప్పుడొచ్చిందే. రోడ్డు పక్కన ఏరిన ఆ ముళ్ల మొక్కల పీచుతో కాగితం కూడా చేశారు. ప్రేమే మాన్పుతుందన్నది వాళ్ల నినాదం. కొన్నేళ్లకు ఆ సరుకు పెద్ద దుకాణాల అరల్లోకి చేరింది. 2016లో సీఎన్‌ఎన్ ఆమెను ఆ ఏటి హీరోల జాబితాలో చేర్చింది.

ఇందులో డబ్బుకు మించినది ఒకటుంది. చందా తీసుకున్న చేయి కిందుంటుంది. సరుకు అమ్మిన చేయి సమానంగా ఉంటుంది. కొవ్వొత్తి కొన్నావిడ అమ్మినావిడకు ఉపకారం చేశానని అనుకోదు, మంచి వాసనొస్తోందని అనుకుంటుంది. బిడ్డ ముందు తల్లి తలెత్తుకుని నిలబడటానికి ఈ తేడా చాలా అవసరం. అయితే అమ్మకాలొక్కటే ఇల్లు నడపలేవు. రెండేళ్ల ఉచిత ఆశ్రయానికి అప్పుడూ విరాళాలు కావాలి, ఇప్పుడూ కావాలి.

జాలి అడిగే ధర

ఈ రంగంలో అతి తేలిగ్గా డబ్బు తెచ్చేది ఏడుస్తున్న పసిబిడ్డ ఫొటో. దాని ధర ఎవరు కట్టారో 1980ల అమెరికా చెబుతుంది.

1985లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో కొకైన్ వాడిన 23 మంది గర్భిణుల మీద చిన్న అధ్యయనం వచ్చింది. ఇంకా నిర్ధారించుకోవాలని రాసినవాళ్లే హెచ్చరించారు. పత్రికలూ టీవీలూ ఆగలేదు. క్రాక్ బేబీలు అన్న మాట పుట్టింది. ఆ పిల్లలకు తెలివితేటలుండవన్నారు, ప్రేమించడం రాదన్నారు, ఒక తరమే పాడైపోయిందన్నారు. తల్లులు, అందులోనూ నల్లజాతి తల్లులు, రాక్షసులయ్యారు. ఫిలడెల్ఫియాలో హాలమ్ హర్ట్ అనే వైద్యురాలు 1989లో మొదలుపెట్టి 224 మంది పిల్లలను ఇరవై ఏళ్లకు పైగా వెంబడించారు. సగం మంది కడుపులో ఉండగా కొకైన్ సోకినవాళ్లు, సగం మంది సోకనివాళ్లు. అందరూ పేదలే. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రెండు గుంపులనూ వెనక్కి లాగుతున్నది పేదరికమని తేలింది. ఈలోపు ఎందరు తల్లులు ఆ ముద్రతో బిడ్డలకు దూరమయ్యారో!

అదే కాలంలో న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో క్లారా హేల్ అనే పెద్దావిడ ఉండేది. అందరూ మదర్ హేల్ అనేవారు. 1969లో మత్తులో జోగుతున్న ఒక తల్లి బిడ్డను తన ఇంట్లో చేర్చుకోవడంతో మొదలై, కొద్ది నెలల్లోనే ఆమె ఇల్లు అలాంటి పిల్లలతో నిండిపోయింది. ఎత్తుకుని, ఊపుతూ, రాత్రంతా నడుస్తూ పిల్లల్ని పెంచింది. తల్లి బాగుపడితే బిడ్డను తిరిగి ఆ తల్లి ఒడిలో పెట్టడమే ఆమె లక్ష్యం. 1985 ఫిబ్రవరి 6న అధ్యక్షుడు రీగన్ దేశాన్ని ఉద్దేశించి చేసిన ప్రసంగంలో, అమెరికా కాంగ్రెస్ గ్యాలరీలో కూర్చున్న ఆమెను చూపించి అమెరికా వీరవనితగా కీర్తించారు. విరాళాలు వరదలా వచ్చాయి. 1992లో ఆమె 87వ ఏట కన్నుమూశారు. తర్వాత సంస్థను నడిపిన కూతురు, అల్లుడు నిధులు దారి మళ్లించారని న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ అభియోగాలు మోపారు. 2002లో ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. అప్పటికే దాతలు వెళ్లిపోయారు. మదర్ హేల్ ఇరవై ఏళ్లకు పైగా కూడబెట్టిన నమ్మకం నెలల్లో కరిగిపోయింది. చివరికి నష్టపోయింది ఊయలలో ఉన్న పిల్లలు.

ఈ రెండు కథలూ నిధులు సేకరించేవారు గోడకు రాసి పెట్టుకోవాల్సినవి. ఒకటి బిడ్డ మీద జాలి పుట్టించడానికి తల్లిని దెయ్యంగా చూపించొద్దంటుంది. రెండోది లెక్క చూపించమంటుంది. అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు చాలావరకు ఏటా పన్నుల శాఖకు ఇచ్చే వివరాలను ఎవరైనా చూడొచ్చు. సువార్తిక సంస్థల ఆర్థిక జవాబుదారీ కోసం 1979 నుంచి ప్రత్యేక మండలి ఉంది. వృత్తిగా నిధులు సేకరించేవారి సంఘం తన సభ్యులకు కమీషన్ నిషేధించింది. తెచ్చిన దానిలో ఇంత శాతం నాకు అనకూడదు, జీతమే తీసుకోవాలి. ఏడుస్తున్న బిడ్డ ఫొటోకు ఎక్కువ పలుకుతుందన్న ఆశ ఎవరి మనసులోనూ మొలవకూడదంటే ఈ నియమం ఉండి తీరాలి.

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో జార్జి ముల్లర్ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పది వేలమందికి పైగా అనాథలను పెంచి, ఏనాడూ మనుషుల్ని డబ్బు అడగలేదు, మోకరించి దేవుణ్నే అడిగారు. నిధుల సేకరణ అంటేనే అవిశ్వాసమని వాదించేవాళ్లు ఆయన్నే ఉదాహరణగా తెస్తారు. కానీ ముల్లర్ ఏటా నివేదిక అచ్చు వేసేవారు. వచ్చిన ప్రతి కానుకకూ లెక్క ఉండేది. మరోవైపు డచ్ గురువు హెన్రీ నావెన్ 1992లో చేసిన ఒక ప్రసంగంలో నిధులు అడగడమూ పరిచర్యేనని, ఇచ్చేవాడి ఆత్మకూ అది మేలు చేస్తుందని వాదించారు. మన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కూడా క్రైస్తవ దాతృత్వం మీద పుస్తకం రాసినవారే. దాతను డబ్బు సంచిగా చూడొద్దని వీళ్లందరి ఆచరణా చెబుతుంది. పూటపూటకూ గుప్పెడు బియ్యం తీసి చర్చికి తెచ్చే మన పల్లెటూరి తల్లులకు ఈ మాట వివరించక్కర్లేదు.

సాక్ష్యం ఎవరిది?

వసంతకాలంలో విరాళాల విందు జరుగుతుంది. గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, బల్లకు ఎనిమిదిమంది. భోజనం సగమయ్యాక ఒక తల్లి వేదికెక్కి సాక్ష్యం చెబుతుంది. ఆ తర్వాత కవర్లు తిరుగుతాయి. ఎన్నో పరిచర్యల్లో ఇదే వరస.

సాక్ష్యం క్రైస్తవుల్లో పవిత్రమైన విషయం. కానీ తిండీ నీడా ఇచ్చిన సంస్థ మాట్లాడమంటే, అక్కడ ఆశ్రయం పొందుతున్న తల్లి వద్దని చెప్పగలదా? ఆరు నెలల కిందట మత్తు మానినావిడ నాలుగు వందలమంది ముందు తన గాయం విప్పి చూపించి, చప్పట్లు విని, రాత్రి గదికి వెళ్లి ఒంటరిగా పడుకోవాలి. ఆ రాత్రి ఆమెకు తోడెవరు? కోర్టులో కేసు నడుస్తుంటే ఆ వీడియో ఎవరి చేతికి చిక్కుతుంది? పదేళ్ల తర్వాత బడిలో ఆమె బిడ్డకు తోటిపిల్లలు అదే వీడియో ఫోనులో చూపిస్తే? ఇవి దాతలకు తట్టవు. తట్టాల్సింది విందు ఏర్పాటు చేసిన మనిషికి. మాట్లాడే తల్లి కార్యక్రమం పూర్తి చేసి బయట నిలదొక్కుకున్నావిడై ఉండాలి. ఏం చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆమే నిర్ణయించుకోవాలి. వద్దంటే ఎవరూ మారు మాట్లాడకూడదు. డబ్బు తగ్గినా సరే.

తగ్గినా సరే అనడం ఎంత కష్టమో చెప్పడానికి ఫ్లోరిడాలోని నేపుల్స్ ఊరి సంగతి ఒకటి ఉంది. ఇరవై ఏళ్లు దాటిన మాట, అక్కడి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు లాటరీ గెలిచిన ఒకాయన లక్ష డాలర్ల చెక్కు ఇచ్చాడు. స్థానిక అధికారి దాన్ని తిరిగి ఇచ్చేశారు. జూదంతో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు సాయం కోసం తమ దగ్గరికే వస్తాయని, ఆ డబ్బు ఎలా తీసుకుంటామని ఆయన వాదన. విమర్శించినవాళ్లున్నారు. మొత్తుకున్నవాళ్లున్నారు. ఆ లక్షతో ఎన్ని మంచాలు వేయొచ్చని అడగడంలో న్యాయముంది. అయినా వ్యసనంతో పోరాడే ఇల్లు తన సొమ్ము ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవాల్సిందే. సారా వ్యాపారి ఇచ్చిన చెక్కుతో తాగుడు మాన్పించే ఇల్లు నడిపితే, ఆ ఇంట్లో ఉన్న తల్లికి సంగతి తెలిసిన రోజున ఏమని చెబుతారు?

దాతల బల్ల దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్న, మీ దగ్గర ఎంతమంది బాగుపడ్డారు? నిజాయితీగా జవాబు చెప్పడం చాలా కష్టం. అమెరికా జాతీయ మత్తుమందుల పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు. రక్తపోటు, ఆస్తమా రోగులకు జబ్బు మళ్లీ తిరగబెట్టే శాతం ఇంతకంటే తక్కువేమీ కాదు. బీపీ మాత్ర వేసుకోవడం మరిచిన పెద్దాయన్ని ఎవరూ పాపి అనరు. వందకు తొంభైమంది బాగయ్యారని కరపత్రం మీద రాస్తే డబ్బులు రాలుతాయి. కానీ జారిన తల్లి మళ్లీ తలుపు తట్టినప్పుడు, ఆ కరపత్రం ప్రకారం ఆమె లేనట్టే లెక్క.

ఇంకో ప్రశ్న చర్చిల నుంచి వస్తుంది. గర్భిణికి మెథడోన్, బూప్రెనార్ఫిన్ లాంటి మందులివ్వడం ఒక మత్తు తీసి ఇంకో మత్తు పెట్టడం కాదా? ప్రార్థన చాలదా? అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మాట స్పష్టంగా ఉంది. నల్లమందు జాతి వ్యసనమున్న గర్భిణికి ఈ మందులే ప్రామాణిక చికిత్స, హఠాత్తుగా ఆపేస్తే ఆమె మళ్లీ వీధి మందు వైపు జారే ప్రమాదం ఎక్కువ. ఈ విషయంలో క్రైస్తవ గృహాలు ఇంకా రెండుగా చీలి ఉన్నాయి. మందు వాడుతున్న తల్లిని చేర్చుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటిచోట నిధులు అడిగే మనిషి దాతలను నొప్పించకుండా ఈ విషయం దాటేయొచ్చు. దాటేయకూడదని ఈ వ్యాసం అభిప్రాయం. మంచం కోసం డబ్బు అడుగుతూ, ఆ మంచం ఎవరికి దొరకదో చెప్పకపోవడం సగం నిజమే అవుతుంది.

దాతలకు చూపించాల్సిన అసలైన లెక్క 2023లో వచ్చింది. మత్తు ప్రభావంతో పుట్టి వణికే శిశువులకు ఇదివరకు వెంటనే మార్ఫిన్ చుక్కలు మొదలుపెట్టి, ప్రత్యేక వార్డులో ఉంచేవారు. దాని బదులు ముందు బిడ్డ తింటోందా, నిద్రపోతోందా, ఎత్తుకుంటే ఊరుకుంటోందా అని చూసి, తల్లి ఒడినే మొదటి మందుగా వాడే పద్ధతిని 26 ఆస్పత్రుల్లో, 1,305 మంది శిశువులతో పరీక్షించారు. పాత పద్ధతిలో ఇంటికి పంపగల స్థితికి రావడానికి సగటున 14.9 రోజులు పట్టగా, కొత్త పద్ధతిలో 8.2 రోజులే పట్టింది. మదర్ హేల్ హార్లెమ్‌లో రాత్రంతా పిల్లల్ని ఎత్తుకుని నడిచింది ఎందుకో యాభై ఏళ్లకు అంకెల్లో తేలింది.

డిసెంబరు

అమెరికాలో ఏడాది విరాళాల్లో పెద్ద వాటా చివరి నెలలో పడుతుంది. కొంత క్రిస్మస్, కొంత పన్ను మినహాయింపు గడువు. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ మెక్‌ఫీ అనే సాల్వేషన్ ఆర్మీ కెప్టెన్, పేదలకు క్రిస్మస్ భోజనం పెట్టడానికి పడవల రేవు దగ్గర ఒక కుండ పెట్టి చిల్లర వేయమన్నాడు. ఎర్ర కుండ, పక్కన గంట మోగించే మనిషి, ఇప్పటికీ అమెరికా డిసెంబరుకు అదే గుర్తు. 2012 నుంచి థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే మంగళవారాన్ని ఇచ్చే మంగళవారం అంటున్నారు. ఆ రోజు మొదలుకొని 31 అర్ధరాత్రి దాకా నిధులు సేకరించేవాళ్లకు నిద్ర ఉండదు. ఉత్తరాలు, ఫోన్లు, ఒకరు ఇచ్చినంత ఇంకొకరు కలిపే సవాళ్లు, పాత దాతల ఇళ్లకు వెళ్లి కాఫీలు.

జనవరి రెండో తారీఖున ఆఫీసు తెరిస్తే ఏడాది లెక్క మళ్లీ సున్నాతో మొదలవుతుంది. ముందుగా చేయాల్సిన పని కృతజ్ఞతా పత్రాలు. అనుభవమున్నవాళ్లు వాటిని ముద్రించిన సంతకంతో పంపరు, పెన్నుతో రాస్తారు. పెద్ద చెక్కు పంపిన కంపెనీకీ, ఐదు డాలర్ల నోటు మడిచి పంపిన పింఛనుదారు పెద్దావిడకూ ఒకే చేత్తో. మధ్యలో ఫోను మోగుతుంది. ఆ ఫోను సాధారణంగా డబ్బు ఇచ్చేవాళ్లది కాదు. జిల్లా జైలు నుంచి, కాన్పుల వార్డు నుంచి, ఒక్కోసారి నేరుగా ఆ తల్లి దగ్గర్నుంచి. మంచం ఖాళీ ఉందా? బిడ్డను కూడా తెచ్చుకోవచ్చా? ఎన్నాళ్లు ఉండనిస్తారు?